ఎం.ఎస్.లో మతిమరుపా, మందగమనమా?

కాగితం పైన తొమ్మిది గుర్తులు, ఒక్కోదాని కింద 1 నుంచి 9 వరకు ఒక్కో అంకె. ఆ కింద వరసల నిండా అవే గుర్తులు కలగాపులగంగా ఉంటాయి, అంకెలుండవు. పైన చూసుకుంటూ ఏ గుర్తుకు ఏ అంకో చెప్పుకుపోవాలి. గడువు 90 సెకన్లు. ఎస్‌డీఎంటీ (సింబల్ డిజిట్ మోడాలిటీస్ టెస్ట్) అనే ఈ పరీక్షకు చదువూ లోకజ్ఞానమూ పెద్దగా అక్కర్లేదు, వేగం కావాలి. మెదడు, వెన్నుపాములోని నాడుల పైపొరపై రోగనిరోధక వ్యవస్థే దాడి చేసే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.). దీని బాధితుల్లో ఇంచుమించు సగం మందికి ఆలోచనాశక్తిలో ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. ఎక్కువమందిలో ముందుగా దెబ్బతినేది ఈ వేగమే. 1868లో ఈ జబ్బును వివరించిన ఫ్రెంచి వైద్యుడు షార్కో, రోగుల ఆలోచన మందగించడాన్ని అప్పుడే గమనించాడు. ఆ తర్వాత చాలాకాలం వైద్యుల చూపంతా కాళ్ల మీద, కళ్ల మీదే నిలిచింది.

మెదడులోని ఒక ప్రాంతాన్ని మరో ప్రాంతంతో కలిపే నాడీ తంతువుల సముదాయమే తెల్ల పదార్థం. తంతువు చుట్టూ మయలిన్ అనే కొవ్వు పొర, మధ్యమధ్య సన్నని కణుపులు. సంకేతం కణుపు నుంచి కణుపుకు దూకుతూ పోతుంది. మయలిన్ లేని సన్నని నాడిలో అది సెకనుకు మీటరు అటూ ఇటూగా పాకుతుంది. శరీరంలోని మందపాటి మయలిన్ నాడుల్లో వంద మీటర్లు కూడా దాటుతుంది. రోగనిరోధక వ్యవస్థ దాడిలో పొర ఊడిపోయిన చోట విద్యుత్తు బయటికి కారిపోతుంది. తర్వాతి కణుపును రగిలించేంత మిగలక సంకేతం ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అక్కడే ఆగిపోతుంది. కలిసి చేరాల్సిన సంకేతాలు ముందూ వెనకా అయినా పని చెడుతుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా ఇది ముదరవచ్చు. జ్వరంలోనో రోహిణి కార్తె ఎండలోనో మెదడు మొద్దుబారినట్టుండి, చల్లబడగానే తేరుకోవడానికి కారణం ఇదే.

స్కాన్‌లో పొర ఊడిన చోట్ల కనిపించే మచ్చలు లెక్కపెట్టి వేగం ఎంత తగ్గిందో చెప్పేయగలమనుకుంటే పొరపాటు. కుడి ఎడమ అర్ధగోళాలను కలిపే కార్పస్ కలోసమ్‌లో దాదాపు 20 కోట్ల తంతువులుంటాయి. అక్కడి చిన్న మచ్చ చేసే నష్టం మరోచోట పెద్ద మచ్చ చేయకపోవచ్చు. మామూలు ఎంఆర్‌ఐలో శుభ్రంగా కనిపించే తెల్ల పదార్థంలోనూ నీటి అణువుల కదలికను కొలిచే డిఫ్యూజన్ స్కాన్ లోపాలు పట్టిస్తుంది. మెదడు మధ్యలో సంకేతాలను అందుకుని పంపే థాలమస్ కుంచించుకుపోవడం కూడా వేగాన్ని తగ్గిస్తుంది. మయలిన్ కొంత తిరిగి ఏర్పడుతుంది, కాకపోతే పలచగా. తెగిన తంతువు మాత్రం మళ్లీ మొలవదు.

ఇంట్లోవాళ్లు మతిమరుపు అనుకునేదాంట్లో చాలా భాగం నిజానికి సరిగా తలకెక్కని మాటే. మొదటిసారి వింటున్నప్పుడే సమాచారం పూర్తిగా లోపలికి చేరదు. రెండు మూడు సార్లు చెబితే చేరుతుంది, అలా చేరింది చాలామందిలో బాగానే నిలుస్తుంది. నలుగురూ ఒకేసారి మాట్లాడేచోట వీళ్లు వెనకబడటమూ అందుకే.

జబ్బు బయటపడినప్పుడే ఎస్‌డీఎంటీ ఒకసారి చేసిపెట్టుకుని, ఏటా మళ్లీ చూడాలి. మార్కులు (సరిగా చెప్పిన అంకెల సంఖ్య) 4 తగ్గినా పట్టించుకోవాల్సిందే. చెయ్యి వణికేవాళ్లచేత రాయించకుండా నోటితో చెప్పించాలి. కళ్లజోడు ఉంటే పెట్టించాలి. అదే కాగితం మళ్లీ ఇస్తే అలవాటుతోనే మార్కులు పెరుగుతాయి కాబట్టి గుర్తులు మార్చిన మరో కాగితం వాడాలి. మార్కులు పడిపోతే జబ్బు ముదిరిందని తేల్చేముందు నిద్ర, దిగులు, జ్వరం సంగతి అడగాలి. మూత్రం ఆపుకోలేకపోవడానికి ఇచ్చే ఆక్సిబ్యూటినిన్ వంటి మందులు వాడుతున్నారేమో చూడాలి. అవీ ఆలోచనను మందగింపజేస్తాయి, వాటిని మార్చుకునే వీలుంది.