గొట్టం మాత్ర పొడీ, చిగురు కణాలూ

మా అమ్మమ్మది దర్శి దగ్గర పల్లె. పిప్పిపన్ను పోటెత్తితే మెడికల్ షాపు నుంచి టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గొట్టం మాత్ర తెప్పించుకుని, విప్పి, ఆ పసుప్పచ్చ పొడిని చిగురు మీద అద్దేది. తెల్లారేసరికి అక్కడ పైపొర తెల్లగా ఉడికినట్టు లేచేది. "మందు చెడు నీరు లాగుతోంది" అనేది.

ఆ పక్క పళ్ల సంగతి ఎత్తితే ముందు ఫ్లోరైడే గుర్తొస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరోసిస్ దేశంలో తొలిసారి నమోదైంది 1937లో, నెల్లూరు జిల్లాలో. దర్శి, పొదిలి, కనిగిరి అప్పుడు నెల్లూరులోవే; ఒంగోలు జిల్లా 1970లో కదా వచ్చింది. పళ్లు ఏర్పడే వయసులో టెట్రాసైక్లిన్ మింగినా గారలు పడతాయి గానీ, మా ఊళ్లో అన్ని గారలకూ నీళ్లనే తిట్టేవాళ్లు.

టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది ఆరియోమైసిన్. అమెరికాలోని లెడర్లే మందుల కంపెనీలో మన ఎల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగాన్ని నడిపిన రోజుల్లో తయారై, 1948లో బయటికొచ్చింది. మెట్రోనిడజోల్ అనే మరో జాతి మందు చిగుళ్ల దాకా రావడం మాత్రం అనుకోకుండా జరిగింది. స్త్రీల ఇన్ఫెక్షన్‌కు అది వాడిన ఒకావిడకు చిగుళ్ల పుండ్లు కూడా మానాయని షిన్ అనే వైద్యుడు 1962లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశాడు.

మింగిన టెట్రాసైక్లిన్ రక్తంలో మిల్లీలీటరుకు కొద్ది మైక్రోగ్రాములే తేలుతుంది. అందుకని మందును నేరుగా పంటికీ చిగురుకూ మధ్య సందులోనే పెడదామనుకున్నారు. 1979లో అమెరికాలో గుడ్‌సన్ బృందం టెట్రాసైక్లిన్ నింపిన బోలు దారాన్ని అలా పెట్టి చూసింది. ఆ తరహా దారానికి 1994లో అక్కడ అనుమతి వచ్చింది: 23 సెంటీమీటర్ల పొడవు, 12.7 మిల్లీగ్రాముల మందు, పది రోజులు. సందులోని ద్రవంలో మోతాదు మిల్లీలీటరుకు 1,300 మైక్రోగ్రాములు దాటింది.

అంత మందు ఉన్న చోట బ్యాక్టీరియా ఒక్కటే ఉండదు. చిగురును అల్లే ఫైబ్రోబ్లాస్ట్‌లూ, పన్నును ఎముకకు కట్టి ఉంచే లిగమెంట్ కణాలూ అక్కడే ఉంటాయి. వాటిని ల్యాబులో పెంచి చూస్తే కథ రెండు రకాలుగా నడిచింది. పల్చటి టెట్రాసైక్లిన్ పూసిన పంటి ముక్కకు ఫైబ్రోబ్లాస్ట్‌లు ఇంకా బాగా అతుక్కున్నాయి. మోతాదు పెంచేకొద్దీ ఎదుగుదల మందగించి, ఆపైన చచ్చిపోయాయి. ఈ మందు బ్యాక్టీరియాలో ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను పట్టి ఆపుతుంది. మన కణాల మైటోకాండ్రియాలో ఉన్న రైబోజోమ్‌లూ ఇంచుమించు ఆ పోలికవే. పైగా పొడి తడిస్తే పులుపెక్కుతుంది. ఇదే జాతి డాక్సీసైక్లిన్ మాత్రను గ్లాసెడు నీళ్లతో మింగమనేది అందుకే, గొంతు గొట్టంలో ఇరుక్కుంటే పుండు చేస్తుంది. అమ్మమ్మ చిగురు ఉడికిందీ బహుశా ఇందుకే.

తర్వాత పేచీ పంటి వేరు దగ్గరకు చేరింది. సిప్రోఫ్లోక్సాసిన్, మెట్రోనిడజోల్, టెట్రాసైక్లిన్ జాతిదే అయిన మినోసైక్లిన్, ఈ మూడు యాంటీబయాటిక్‌లూ కలిపిన ముద్దను పిల్లల చచ్చిన పళ్లలో పెట్టి, వేరు మళ్లీ ఎదగాలని చూసేవారు. ఆ ముద్ద చిక్కగా ఉంటే వేరును కట్టాల్సిన మూలకణాలనే చంపుతోందని 2012లో ల్యాబులో తేలింది. దాని బదులు కాల్షియం హైడ్రాక్సైడ్ (తడి సున్నం) పెడితే అవి బతికాయి. అప్పటి నుంచి ముద్దను బాగా పల్చన చేసి వాడమంటున్నారు.

పల్చన చేయడం అమ్మమ్మకు ఎవరూ చెప్పలేదు. ఆ దారంలో పది రోజులకు 12.7 మిల్లీగ్రాములు. ఆవిడ ఒక్క రాత్రికి విప్పిన గొట్టంలో 250.