జపాన్ ఇంటివంట: అపోహలు, వాస్తవాలు

జపాన్ వంట మొదలుపెట్టేవాళ్ళు ముందుగా సీసాలూ ప్యాకెట్లూ కొనేసి డబ్బు తగలేస్తారు. తీరా వంట చెడేది మంట దగ్గరా కొలత దగ్గరా. ఏ సరుకుకి మన అల్మారాలోనే బదులు దొరుకుతుందో, దేనికి దొరకదో తెలుసుకుంటే ఖర్చూ తగ్గుతుంది, చిరాకూ తగ్గుతుంది.

అపోహ: జపాన్‌వాళ్ళు రోజూ పచ్చిచేపే తింటారు.

సుషీ (పులుపన్నం మీద చేప ముక్క పెట్టింది) ఎక్కువగా బయట తినేది, లేదా చుట్టాలొచ్చినప్పుడు తెప్పించుకునేది. మామూలు రోజున ఇంట్లో ఉండేది అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారు, ఉడికించిన కూర ఒకటి, కాల్చిన చేపో గుడ్డో టోఫూనో, పక్కన ఊరబెట్టిన ముల్లంగి ముక్కలు. 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ‘వాషోకు’ (జపాన్ సంప్రదాయ భోజనం)లో ఇలాంటి భోజనం కూడా భాగమే.

అపోహ: దాషీ ఎంత మరిగితే అంత రుచి.

దాషీ అంటే జపాన్ వంటలకి ఆధారమైన పలచని రసం. ఎముకల సూపుకి ఆ మాట సరిపోతుంది, దాషీకి కాదు. లీటరు చన్నీళ్ళలో 10 గ్రాముల కొంబు (ఎండబెట్టిన సముద్రపు నాచు) వేసి అరగంట నాననివ్వాలి. తర్వాత సన్నని మంట మీద పెట్టి, గిన్నె అడుగున చిన్న బుడగలు లేవగానే కొంబు తీసెయ్యాలి. మరగనిస్తే నీళ్ళు జిగురుగా మారి చేదెక్కుతాయి. కొంబు తీశాక నీళ్ళు ఒక్క పొంగు రానిచ్చి, మంట ఆపి, 20 గ్రాముల కత్సువోబుషి (పొగబెట్టి ఎండబెట్టిన చేప తురుము) వెయ్యాలి. ఒకటి రెండు నిమిషాల్లో తురుము అడుక్కి దిగుతుంది. అప్పుడు పలచని గుడ్డలో వడకట్టుకోవాలి. చింతపండు పిసికినట్టు గుడ్డని పిండితే నీచువాసన, వగరు దిగుతాయి. కారనిచ్చినంతే చాలు.

కొంబు మీద తెల్లటి పొడి చూసి బూజనుకుని కడిగేస్తుంటారు. ఆ పొడిలో ఎక్కువ భాగం మానిటాల్ అనే తియ్యని పదార్థం, రుచికి పనికొచ్చేదే. పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు. పచ్చగానో నల్లగానో నూగులా పట్టి ముక్కవాసన వస్తే మాత్రం అది నిజంగా బూజే, పారెయ్యండి. విశాఖ, కాకినాడ లాంటి చెమ్మగాలి ఊళ్ళలో కొంబునీ నోరి షీట్లనీ (సుషీకి చుట్టే ఎండునాచు) గాలి చొరని డబ్బాలోనే ఉంచాలి.

అపోహ: చేప లేకపోతే దాషీ లేదు, శాకాహారులకి ఈ వంట కుదరదు.

బౌద్ధ మఠాల్లో వండే ‘షోజిన్ ర్యోరి’కి కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులే ఆధారం. లీటరు నీళ్ళకి 10 గ్రా. కొంబు, 15 గ్రా. షిటాకే వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెడితే సరి. జాగ్రత్త పడాల్సింది ప్యాకెట్ సరుకులతోనే: ఇన్‌స్టంట్ మిసో సూపు, నూడుల్స్ సాస్, కొన్ని రెడీమేడ్ మిసోల్లో చేప దాషీ కలిపి ఉంటుంది. బొమ్మలో టోఫూ, ఉల్లికాడలే కనిపిస్తాయి, చేప సంగతి పదార్థాల జాబితా చదివితే తప్ప తెలీదు.

అపోహ: ‘ఉమామి’ వ్యాపారులు పుట్టించిన మాట, అజినోమోటో విషం.

కొంబు దాషీ రుచికి మూలం గ్లూటమేట్ అని 1908లో టోక్యోలో రసాయన శాస్త్రవేత్త కికునాయె ఇకెడా తేల్చి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టారు. మరుసటి ఏడే దాన్ని అజినోమోటో పేరుతో తెల్లపొడిగా అమ్మడం మొదలైంది. పండిన టమాటాలోనూ గ్లూటమేట్ ఉంటుంది. దాన్నీ చేప తురుములోని ఇనోసినేట్‌నీ కలిపితే విడివిడిగా కన్నా రుచి ఎన్నో రెట్లు పెరుగుతుంది, కొంబు, కత్సువోబుషి జోడీ అందుకే. దాషీ పొడి వాడటం తప్పేమీ కాదు, జపాన్ ఇళ్ళలోనూ వాడతారు. అయితే అందులో ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి మిసో కాస్త తగ్గించుకోవాలి.

అపోహ: మిసోని కూర మసాలాలా వేయించి, మరిగించాలి.

మిసో పులియబెట్టిన ముద్ద. మరిగితే వాసన ఎగిరిపోతుంది. నలుగురికి 600 మి.లీ. దాషీలో ముక్కలు ఉడికించి, మంట ఆపి, మూడు టేబుల్‌స్పూన్ల మిసోని (సుమారు 54 గ్రా.) గరిటెలో కాస్త దాషీతో కరిగించి కలపాలి. నేరుగా వేస్తే ఉండలు అడుగునే ఉండిపోతాయి. తెల్ల మిసో తియ్యగా, ఉప్పు తక్కువగా ఉంటుంది. ఎర్రదానిలో ఉప్పు 12 శాతం దాకా ఉండొచ్చు, ఆ లెక్కన ఒక్క గిన్నెలోనే ఒకటిన్నర గ్రాములు. ‘ఆరోగ్యం’ అని పూటకో గిన్నె తాగే బీపీవాళ్ళు ఇది చూసుకోవాలి. కొంబులో అయోడిన్ చాలా ఎక్కువ, థైరాయిడ్ ఉన్నవాళ్ళు రోజూ వాడే ముందు డాక్టర్‌ని అడగడం మంచిది.

అపోహ: సోయా సాస్ ఏదైనా ఒకటే.

చైనీస్ నూడుల్స్ బండి మీద కనిపించే డార్క్ సోయా చిక్కగా, నల్లగా, రంగు కోసం చేసినది. దాంతో చేసిన జపాన్ కూర నల్లగా మారుతుంది, రుచి మాత్రం రాదు. కొనవలసినది ‘కోయికుచి’, జపాన్‌లో మామూలుగా వాడేది. లేబుల్ మీద సోయా, గోధుమ, ఉప్పు తప్ప పెద్దగా ఏమీ ఉండకూడదు. ఇంకో పొరపాటు: ‘ఉసుకుచి’ రంగు పలచన కదా, ఉప్పు తక్కువనుకుంటారు. నిజానికి అందులోనే ఎక్కువ, కోయికుచిలో 16 శాతమైతే ఇందులో 18 దాకా.

మిరిన్ (వంటకి వాడే తియ్యని బియ్యపు సారా) దొరక్కపోతే వంట ఆపక్కర్లేదు. టేబుల్‌స్పూను మిరిన్‌కి బదులు ఒక టీస్పూను చక్కెర, రెండు టీస్పూన్ల నీళ్ళు. మెరుపు కాస్త తగ్గుతుంది, అంతే.

అపోహ: అన్నీ ఒకేసారి వేసి ఉడికిస్తే సరి.

జపాన్‌లో వంట నేర్పేటప్పుడు ‘స, షి, సు, సె, సొ’ అని వరస చెబుతారు: చక్కెర, ఉప్పు, వెనిగర్, సోయా సాస్, మిసో. ఉప్పు ముక్కలోకి తొందరగా దూరుతుంది, తీపి నెమ్మదిగా. అందుకని తీపి ముందు. సోయా, మిసోల వాసన పోకుండా అవి చివర.

దప్పళానికి కొనే తియ్యగుమ్మడితో చేసి చూడండి. జపాన్ ‘కబోచా’ పిండిగా ఉంటుంది, మనది నీరుకాయ. కాబట్టి 400 గ్రాముల ముక్కలకి వాళ్ళు పోసే 200 మి.లీ. బదులు 120 మి.లీ. దాషీ చాలు. తొక్క కిందికి వచ్చేలా ఒకే వరసలో పేర్చి, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల చక్కెర వేసి ఐదు నిమిషాలు ఉడికించాలి. తర్వాత అంతే సోయా పోసి, మధ్యలో చిల్లు పెట్టిన బటర్ పేపర్ ముక్కల మీదే ఆనేలా కప్పి, సన్నసెగన మరో ఏడెనిమిది నిమిషాలు. గరిటె పెట్టకూడదు, ముక్క చిదురుతుంది. రుచి బాగా పట్టేది చల్లారేటప్పుడు, కాబట్టి పొయ్యి మీంచి దించగానే వడ్డించకండి.

అపోహ: సోనా మసూరిని మెత్తగా ఉడికిస్తే సుషీ అన్నమవుతుంది.

మెత్తబడుతుంది గానీ అంటుకోదు. పొట్టిగింజ జపానికా బియ్యంలో ఎమిలోజ్ (అన్నాన్ని పొడిపొడిగా ఉంచే పిండిపదార్థం) తక్కువ, ఆ జిగురు అందుకే. మిసో చారుతో తినడానికి సోనా మసూరి బాగానే ఉంటుంది. ఒనిగిరి ముద్దకీ సుషీకీ మాత్రం జపానికా బియ్యమే కావాలి. వండటం మన అత్తెసరు పద్ధతే, గంజి వార్చరు. రెండు ‘గో’ల బియ్యం (360 మి.లీ., 300 గ్రా.) మూడు నాలుగుసార్లు కడగాలి. మొదటి నీళ్ళు పోసిన వెంటనే పారబొయ్యాలి, పొడి బియ్యం ఆ తవుడు వాసనంతా పీల్చేసుకుంటుంది. 400 మి.లీ. నీళ్ళలో అరగంట నానబెట్టి, పొంగు రాగానే సన్నసెగ 12 నిమిషాలు, ఆపాక మూత తియ్యకుండా 10 నిమిషాలు. కొలతల్లో పప్పులో కాలేసేది ఇక్కడే: జపాన్ వంటకాల్లో కప్పంటే 200 మి.లీ., రైస్ కుక్కర్ కప్పు 180, మన షాపుల్లో కొనే కప్పు సాధారణంగా 240.

అపోహ: టెంపురా అంటే మైదా బజ్జీ.

పద్ధతి తలకిందులు. శనగపిండిలో గ్లూటెన్ లేదు, ఎంత గిలకొడితే బజ్జీ అంత గుల్లగా వస్తుంది. మైదాని అలా కలిపితే సాగి, రబ్బరులా తయారవుతుంది. ఐసునీళ్ళు పోసి పుల్లలతో పదిసార్లు కలిపి, పిండి ఉండలు కనిపిస్తున్నా వదిలెయ్యాలి. నూనె 170–180 డిగ్రీలు. పిండి చుక్క సగం దాకా మునిగి పైకి లేస్తే కూరగాయలకి సరైన కాక.

అపోహ: ట్యూబులో వచ్చే పచ్చ ముద్ద వసాబి.

అసలు వసాబి ఒక మొక్క కాండాన్ని నూరిన ఘాటు ముద్ద. చాలా ట్యూబుల్లో ఎక్కువ భాగం హార్స్‌రాడిష్ (ఇంకో ఘాటైన వేరు), పైన రంగు. వసాబి నషాళానికి అంటడానికి కారణమైన అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే రసాయనమే ఆవపిండి ఘాటుకీ కారణం. వసాబికి ఆవాలు బదులు కావు, ఆ తియ్యని పచ్చివాసన రాదు. కానీ ఓడెన్ (దాషీలో ఉడికిన ముక్కల కూర), తొంకాత్సు (వేయించిన పంది మాంసం)లతో పెట్టుకునే ‘కరాషి’ జపాన్ ఆవముద్దే. దానికి మన ఆవపిండి నిక్షేపంలా పనికొస్తుంది. పొట్టు లేకుండా జల్లించి, రెండు టీస్పూన్ల పొడిలో ఒకటిన్నర టీస్పూన్ల గోరువెచ్చని నీళ్ళు కలిపి మూత పెట్టాలి. మరిగే నీళ్ళు పోస్తే ఘాటు పుట్టించే ఎంజైమ్ చచ్చిపోయి చేదొక్కటే మిగులుతుంది. పది నిమిషాలకి ఘాటెక్కుతుంది, నిలవ ఉంటే తగ్గిపోతుంది. ఏ పూటకాపూట కలుపుకోవాలి.