ఓడలో ముందు వెతకాల్సింది ఎలుకను

విశాఖపట్నం పోర్టుకు విదేశం నుంచి ఓడ వస్తే, సరుకు దించే ముందే కేంద్ర ఆరోగ్య శాఖ కింద పనిచేసే పోర్టు హెల్త్ ఆఫీసర్ అనుమతి కావాలి. దారిలో ఎవరైనా చనిపోయారా, ఎవరికైనా జ్వరం వచ్చిందా, ఏయే రేవుల్లో ఆగి వచ్చారు అన్న ప్రశ్నలకు కెప్టెన్ సంతకం పెట్టి జవాబివ్వాలి. ఓడ మీద పసుపు జెండా కనిపిస్తే లోపల జబ్బు ఉందని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు దాని అర్థం అది కాదు. ‘మా ఓడ ఆరోగ్యంగా ఉంది, రేవులోకి రానివ్వండి’ అని అడగడానికే దాన్ని ఎగరేస్తారు. అనుమానించాల్సిందేమీ లేకపోతే ఓడ ఇంకా సముద్రంలో ఉండగానే రేడియోలో అనుమతి వచ్చేస్తుంది.

పూర్వం ఇంత సులువుగా ఉండేది కాదు. ఇప్పుడు డుబ్రోవ్నిక్ అని పిలుస్తున్న రగూసా నగరం 1377లో ఒక చట్టం చేసింది. ప్లేగు ఉన్న చోట్ల నుంచి వచ్చేవాళ్లు నెల రోజులు ఊరి బయటే ఉండాలన్నది ఆ చట్టం. తర్వాత వేరే రేవుల్లో ఆ గడువు నలభై రోజులకు పెరిగింది. జబ్బు ఎలా వస్తుందో తెలియని కాలంలో అది తెలివైన ఆలోచనే. కానీ ఆపింది మనుషుల్ని. ఓడను రేవుకు కట్టే తాళ్ల మీదుగా రాత్రిపూట ఒడ్డుకు దిగి ప్లేగు తెచ్చే ఎలుక మీద ఎవరి దృష్టీ పడలేదు.

ఆ పొరపాటుకు మన దేశం చాలా పెద్ద మూల్యం చెల్లించింది. 1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగును మొదట గుర్తించినవారు డాక్టర్ అకాసియో వీగాస్. అది బయటపడింది మాండ్వీలో, అంటే రేవు పక్కనే ధాన్యం గోదాములు కిక్కిరిసిన పేటలో. 1897లో ప్రభుత్వం అంటువ్యాధుల చట్టం తెచ్చింది. ఇళ్లలోకి చొరబడి సోదాలు చేసింది, రైల్వే స్టేషన్లలో ప్రయాణికుల్ని దింపి పరీక్షించింది, కుటుంబాల్ని విడదీసింది. ఇంత చేసినా ప్లేగు ఆగలేదు. ఫ్రెంచి వైద్యుడు పాల్ లూయీ సిమాన్ 1898లో కరాచీలో ఒక ప్రయోగం చేశాడు. ప్లేగు సోకిన ఎలుకను, దాని ఒంటి మీద రక్తం తాగే గోమార్లతో (ఇంగ్లిషులో ఫ్లీ అనే గెంతే పురుగులతో) సహా గాజు జాడీలో ఉంచాడు. ఆరోగ్యంగా ఉన్న ఇంకో ఎలుకను, మొదటిదానికి తాకే వీలు లేకుండా, జల్లెడ బోనులో అదే జాడీలో వేలాడదీశాడు. గోమార్లు మాత్రం దానిమీదికి గెంతగలవు. కొన్ని రోజులకు ఆ రెండో ఎలుక కూడా ప్లేగుతో చచ్చిపోయింది. ప్లేగును ఎలుక నుంచి మోసేది గోమార్లేనని ఆయన చెబితే చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1905 నుంచి బొంబాయిలో పనిచేసిన ప్లేగు కమిషన్ శాస్త్రవేత్తలు వరస ప్రయోగాలతో ఆయన మాటే నిజమని తేల్చారు.

ఓడల తనిఖీ అసలు స్వరూపం మారింది అక్కడి నుంచే. ఎలుకలు లేవన్న ధ్రువపత్రం చాలా దశాబ్దాలు ఓడలకు తప్పనిసరిగా ఉండేది. 2007 జూన్‌లో అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు ఆ పత్రాన్ని విస్తరించి, మొత్తం ఓడ పారిశుధ్యానికి ధ్రువపత్రం పెట్టాయి. దాని గడువు 6 నెలలు. తనిఖీకి వెళ్లినవాళ్లు వంటగది, సరుకుల గది, సిబ్బంది గదులు, మురుగు ట్యాంకులు, ఖాళీ అయిన సరుకు అరలు అన్నీ తిరిగి చూస్తారు. పగలు ఎలుక కంటపడటం అరుదు. అందుకని దాని ఆనవాళ్లు వెతుకుతారు. ఎలుక రోజూ ఒకే దారిన వెళుతుంది కాబట్టి పైపుల పక్కన దాని ఒంటి జిడ్డు నల్లటి చారగా పడుతుంది. పెంటికలు మెత్తగా ఉంటే అది ఈమధ్యే తిరిగిందని, ఎండి పొడిగా ఉంటే పాతవని అర్థం. ఓడను కట్టిన తాళ్లకు ఎలుక దాటకుండా గుండ్రటి రేకు పళ్లేలు తగిలించారా, అవి తాడుకు బిగుతుగా ఉన్నాయా అన్నదీ చూస్తారు. ఒక్క తాడుకు రేకు లేకపోయినా మిగతా వాటికి పెట్టి లాభం లేదు.

మన తీరానికి ఇప్పుడు ఎలుక కన్నా దోమ గురించే ఎక్కువ భయపడాలని నా అభిప్రాయం. ఎల్లో ఫీవర్ ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో ఉంది, మన దేశంలో లేదు. దాన్ని మోసే ఈడిస్ దోమ మాత్రం మన ప్రతి ఊళ్లోనూ ఉంది. డెంగీ తెచ్చేది అదే. అంటే వైరస్ ఒక్కటే తక్కువ. ఓడలో వచ్చిన రోగినో, దోమనో ఒక్కసారి వదిలేస్తే చాలు, మిగతాదంతా ఇక్కడ సిద్ధంగా ఉంది. ఈ దోమ గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి. పాత టైరు లోపలి గోడకు అంటుకుని సముద్రాలు దాటి, ఎక్కడో వాన పడగానే పొదుగుతాయి. ఈడిస్‌లోనే ఇంకో రకమైన ఆసియా టైగర్ దోమ అమెరికాకు చేరింది అలాగే. జపాన్ నుంచి వచ్చిన పాత టైర్లతో దిగిన ఆ దోమ 1985లో హ్యూస్టన్‌లో స్థిరపడినట్టు బయటపడింది. రేవుల్లో ఓడలు ఆగే గట్ల (ధక్కాల) అంచుకు, ఓడల్ని లాగే టగ్గు పడవల పక్కలకు కట్టే టైర్లలోనూ వాన నీళ్లు నిలుస్తాయి. అందుకే రేవు చుట్టూ కనీసం 400 మీటర్ల మేర దోమల్ని అదుపులో పెట్టాలని ఆ అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతాయి. ఈడిస్ సాధారణంగా పుట్టిన చోటు నుంచి కొన్ని వందల మీటర్లు దాటి పోదు. వానాకాలంలో టార్పాలిన్ మడతల్లో నిలిచిన నీళ్లు వంచే కార్మికుడు కూడా ఈ రక్షణలో భాగస్వామే. ఆ పని ఎవరి లెక్కల్లోకీ రాదన్నది నాకు బాధగా ఉంటుంది.

నీటి విషయం కూడా చెప్పాలి. ఓడకు తాగునీరు రేవులోనే ఎక్కుతుంది. ఆ గొట్టం ధక్కా మీద మురికిలో పడి ఉన్నా, తాగునీటి పైపు ఇంకో పైపుతో కలిసిపోయినా ఓడంతా విరేచనాల పాలవుతుంది. 1970 నుంచి 2003 వరకు ఓడలతో ముడిపడి 100కు పైగా అంటువ్యాధి ఘటనలు నమోదయ్యాయి. కలుషిత నీళ్లు వాటిలో ముఖ్యమైన కారణం. ట్యాంకు నీళ్లలో క్లోరిన్ కొలిచే పనికి కొన్ని నిమిషాలు చాలు.

మన పిల్లలు చాలామంది ఓడల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. పశ్చిమ ఆఫ్రికా వైపు వెళ్లే ఓడ ఎక్కేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకాను ఆఖరి వారానికి వాయిదా వేయొద్దు. టీకా వేసినట్టు ఇచ్చే కార్డు, వేయించుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం పనికొస్తుంది, మళ్లీ వేయించుకోనక్కర్లేదు. కార్డు లేకుండా ఎల్లో ఫీవర్ ఉన్న దేశం నుంచి తిరిగొస్తే 6 రోజుల దాకా విడిగా ఉంచుతారు. కుట్టిన దోమ నుంచి వైరస్ ఎక్కి జ్వరంగా బయటపడటానికి పట్టే గరిష్ఠ కాలం అదే అని లెక్క. టీకా విశాఖలో పోర్టు హెల్త్ కార్యాలయంలో, హైదరాబాద్‌లో నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, పాస్‌పోర్టు పట్టుకెళ్లాలి.