బీపీ గోలీ ఆపొద్దని తేలడానికి ఎన్నేళ్లు పట్టింది?

నర్సంపేట దగ్గరి ఊళ్లో ఉండే మా చిన్నమ్మకు పోయినేడు పత్తి ఏరే రోజుల్లో ఎడమ చెయ్యి పడిపోయింది. ఆమెను వరంగల్‌లో దవాఖానలో చేర్పించి ఇంటికెళ్తే, గోడకున్న క్యాలెండర్ వెనక గోలీల షీట్ కనిపించింది. పదింటిలో మూడే తీసి ఉన్నాయి, మిగతా ఏడు అట్లనే ఉన్నాయి. "బీపీ నార్మల్‌కొచ్చిందన్నరు కద బిడ్డా, ఇంకెందుకని ఆపిన" అంది తర్వాత.

ఆమెకు తలనొప్పి లేదు, కళ్లు తిరగలేదు. ఏ బాధా లేనప్పుడు మందెందుకు అనే ప్రశ్న ఒకప్పుడు పెద్ద పెద్ద డాక్టర్లు కూడా అడిగిందే. వయసుతో బిగుసుకుపోయిన నాళాల్లోంచి రక్తాన్ని నెట్టాలంటే ఆ ఒత్తిడి అవసరమని, దాని జోలికి పోవద్దని చాలామంది నమ్మేవారు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై చనిపోయిన రోజు అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బీపీ 300/190. అంతకు ముందు ఏడాదే ఆయన బీపీ బాగా ఎక్కువగా ఉందని తెలుసు. తగ్గించే సరైన మందే అప్పటికి లేదు.

1948లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే పట్నంలో 5,209 మందిని ఎంచుకుని, ఎవరికి గుండెజబ్బు వస్తుందో ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు. బాధ తెలియని బీపీ కూడా గుండెను దెబ్బతీస్తుందని అక్కడే తేటతెల్లమైంది.

మందు వైపు తొలి అడుగుల్లో ఒకటి మన దేశంలోనే పడింది. దీన్ని మనం ఎక్కువ చెప్పుకోం, చెప్పుకోవాలి. బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ సర్పగంధ వేరును బీపీ రోగులకిచ్చి, ఆ ఫలితాలను 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. ఆ వేరులోంచే రిసర్పిన్ అనే బీపీ మందు వచ్చింది.

1959లో వరంగల్‌లో కాకతీయ మెడికల్ కాలేజీ మొదలైంది. గోలీలు వేసుకుంటే బీపీ రోగి ప్రాణం నిలుస్తుందని గట్టిగా తేల్చిన పరీక్ష అప్పటికింకా జరగలేదు. అది 1967లో వచ్చింది. అమెరికాలో బీపీ కింది అంకె 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది మగవాళ్లలో సగం మందికి అసలు మందు, సగం మందికి మందు లేని ఉత్త గోలీ ఇచ్చారు. ఉత్త గోలీ వేసుకున్నవాళ్లలో 27 మందికి పెద్ద ముప్పు ముంచుకొచ్చింది. మందు వేసుకున్నవాళ్లలో ఇద్దరికే. ఆ మందుల్లో మన సర్పగంధ రిసర్పిన్ ఒకటి.

వయసుకు వంద కలిపితే ఎంతో అంత బీపీ ఉండొచ్చనే లెక్క మా ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. అది తప్పని 1991లోనే ఇంకో పరీక్షలో రుజువైంది. అరవై దాటినవాళ్లలో పై అంకె ఒక్కటే ఎక్కువున్నా, మందుతో పక్షవాతం 36 శాతం తగ్గింది. 2015లో స్ప్రింట్ పరీక్ష పై అంకెను 120 కిందికి తెస్తే ఇంకా మేలన్నది, కానీ అందులో షుగర్ ఉన్నవాళ్లను, ముందే పక్షవాతం వచ్చినవాళ్లను తీసుకోలేదు.

ఇటీవల మన దేశంలోనే 32 కేంద్రాల్లో 1,981 మంది మీద టాప్‌స్పిన్ పరీక్ష జరిగింది. రెండేసి మందులు కలిపిన ఒక్క గోలీ ఇచ్చారు. మూడు రకాల జోడీలూ దాదాపు ఒకేలా పనిచేశాయి. ఏ జోడీ అన్నదానికన్నా రోజూ వేసుకోవడమే ముఖ్యమని దాన్నిబట్టి నాకనిపిస్తుంది. 2017లో మొదలైన దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ కూడా ఉంది. నెలకు సరిపడా మందులు ఊరి దగ్గర్లోనే ఒకేసారి ఇవ్వాలన్నది అందులో ఒక ముఖ్యమైన మాట.

కానీ గోలీలిచ్చే సమయానికి మా ఊరి ఆడవాళ్లు పత్తి చేన్లలో ఉంటారు. కూలి పోగొట్టుకుని సబ్ సెంటర్‌కు ఎవరొస్తారు? ఈ నెల ఆశ కార్యకర్త పొద్దున ఆరింటికే, చేనుకు పోకముందే ఇంటింటికీ తిరిగింది. చిన్నమ్మ ఒంటి చేత్తో గోలీ తీసుకోలేదు కాబట్టి షీట్ చింపి ఇస్తున్నది మనవరాలు.