స్వానెతి పల్లెకు వెళ్లే తెలుగువాళ్లకు: అపోహలు - వాస్తవాలు

జార్జియాలో మెడిసిన్ చదివే పిల్లల్ని చూడటానికి మన దగ్గర్నుంచి చాలామంది తల్లిదండ్రులు వస్తుంటారు. వాళ్లను కాకసస్ కొండల్లోని స్వానెతికి తీసుకెళ్లడం నా పని. చివరి మజిలీ ఉష్‌గులి. స్వానెతిలోని ముఖ్య పట్టణం మెస్తియా నుంచి 45 కిలోమీటర్లు, సుమారు 2,100 మీటర్ల ఎత్తు. రాతి బురుజుల ఊరు, ఎదురుగా 5,193 మీటర్ల ష్ఖారా శిఖరం. బయల్దేరే ముందు అందరికీ దాదాపు ఒకే రకం టెన్షన్.

అపోహ: తిండి చప్పగా ఉంటుంది, పచ్చళ్లు మోసుకెళ్లాల్సిందే.

వాస్తవం: స్వానెతిలో ప్రతి ఇంట్లో ఒక మసాలా ఉప్పు ఉంటుంది. ఉప్పులో వెల్లుల్లి, ధనియాలు, ఎండుమిర్చి, నీలిపూల మెంతి కలిపి దంచుతారు. ఆ మెంతి పేరు ఉత్స్‌ఖో సునెలి, అంటే పరదేశపు సుగంధం. మూత తీయగానే మనవాళ్లకు మాత్రం సొంత వంటిల్లు గుర్తొస్తుంది. అందులో ఎండు బంతిపూల పొడి కూడా వేస్తారని చెబితే ఒకావిడ, "గుమ్మానికి కట్టేవి కూరలో వేస్తారా!" అని నోరు తెరిచారు. తిరిగి వెళ్లేటప్పుడు పచ్చడి సీసా ఖాళీ చేసి అందులో ఆ ఉప్పే నింపుకున్నారు.

అపోహ: శాకాహారులు బ్రెడ్డు, పళ్లతో సరిపెట్టుకోవాలి.

వాస్తవం: రాజ్మా లాంటి చిక్కుడు గింజలతో చేసే లోబియో, అక్రోటు ముద్ద పెట్టిన వంకాయ, చీజ్ కలిపి సాగేలా మెదిపిన ఆలుగడ్డ తష్మిజాబి, అన్నీ దొరుకుతాయి. జాగ్రత్త పడాల్సింది కుబ్దారి దగ్గర. చూడటానికి గుండ్రంగా, ఆలూ పరాఠాలా ఉంటుంది కానీ లోపల మాంసం. పైనుంచి గుర్తుపట్టలేం. అందుకే రెండు మాటలు కాగితం మీద రాసిస్తాను. "ఉఖోర్త్సోద్" అంటే మాంసం లేకుండా. "సమార్ఖ్వో" అంటే ఉపవాసపు వంట. అందులో పాలు, గుడ్లు కూడా ఉండవు. చర్చి ఉపవాసాలు పాటించే దేశం కదా, రెండో మాట వినగానే ఇంటావిడకు ఏం వండాలో తెలిసిపోతుంది.

అపోహ: మన భాషకూ వాళ్ల భాషకూ పొంతనే ఉండదు.

వాస్తవం: పొంతన లేదు, నిజమే. ఇళ్లలో మాట్లాడే స్వాన్ భాష జార్జియన్ వాళ్లకే అర్థం కాదు. కానీ శబ్దాలు కలిసినప్పుడు భలే చిక్కు వస్తుంది. జార్జియన్‌లో "మామా" అంటే తండ్రి. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మేం దిగిన ఇంట్లో చిన్నపిల్ల ఒకాయన్ను "మామా" అని పిలవడం విన్నారు. రెండు రోజులు ఓపిక పట్టి, "మేనమామ బాగానే చూసుకుంటున్నాడు గానీ, పాపం, ఈ పిల్ల తండ్రి ఏమయ్యాడు?" అని నన్ను పక్కకు పిలిచి అడిగారు. విషయం చెప్పాక ఇంటాయన కూడా పగలబడి నవ్వి, మీరు తండ్రిని ఏమంటారని అడిగాడు. "నాన్న" అన్నాం. మళ్లీ నవ్వు. నానా అక్కడ ఆడవాళ్ల పేరు!

అపోహ: చక్రాల్లేని బండి మంచు మీదే నడుస్తుంది.

వాస్తవం: నిటారు గడ్డి వాలుల్లో చక్రాల బండి నిలవదు. అందుకే ఎండాకాలంలోనూ ఎడ్లకు స్లెడ్జి కట్టి గడ్డి దించుతారు. మన రైతులెవరైనా బృందంలో ఉంటే ఇక అక్కడినుంచి కదలరు.

అపోహ: మందు తాగనివాళ్లు విందులో కూర్చుంటే మర్యాదగా ఉండదు.

వాస్తవం: నేను చూసినంతలో అలా ఎప్పుడూ జరగలేదు. గ్లాసులో పళ్లరసమైనా సరే, తమదా, అంటే విందు పెద్ద, మాట్లాడుతున్నప్పుడు వినడమే ముఖ్యం. చనిపోయినవాళ్లను, తల్లిదండ్రులను, అతిథులను తలచుకుంటూ ఒక్కొక్కసారి గ్లాసు ఎత్తుతారు. మీ వంతు వస్తే తెలుగులోనే చెప్పండి, నేను అనువదిస్తాను. కిందటిసారి ఒక తండ్రి లేచి, "మా అమ్మాయి ఈ దేశంలో ఒంటరిగా ఉంది, మీలాంటివాళ్ల మధ్య ఉందని ఇవాళ తెలిసింది" అన్నారు. నేను నోరు విప్పేలోపే ఇంటావిడ కళ్లు తుడుచుకుంటూ ఆయన పళ్లెంలో ఇంకో గరిటె తష్మిజాబి వేసింది.