క్రెడిట్ తీసుకుంటే సిటిజన్‌షిప్ రాదా? అమెరికా టాక్స్ సీజన్‌లో ప్రతి ఏడూ వినే అపోహలు

జనవరి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, చైల్డ్ టాక్స్ క్రెడిట్ ఎత్తేశారంట కదా?" అని ఒకరు, "కాదంట, నెలనెలా డబ్బులు మళ్లీ వేస్తారంట" అని ఇంకొకరు. రెండూ తప్పే. పిల్లలున్నవాళ్లకు టాక్స్‌లో తగ్గించి ఇచ్చే మొత్తమే ఈ చైల్డ్ క్రెడిట్. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లకు 15 ఏళ్లుగా రిటర్న్‌లు వేస్తున్నాను. వాట్సాప్‌లో ఈ పుకార్లు తిప్పేవాళ్ల మీద ఒళ్లు మండుతుంది గానీ, వాటిని నమ్మి భయంభయంగా నా ముందు కూర్చునేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈఐటీసీ (తక్కువ సంపాదనతో పనిచేసేవాళ్లకు టాక్స్ రిటర్న్ ద్వారా వచ్చే క్రెడిట్) మీద తిరిగే ఈ మాట: "ఈఐటీసీ అంటే గవర్నమెంట్ సాయం. తీసుకుంటే రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డొస్తుంది, స్పాన్సర్ చేసిన అన్నయ్య మెడకు చుట్టుకుంటుంది."

ఈ మాట చెప్పేది ఎక్కువగా ఐటీలో ఉన్న చుట్టాలు. వాళ్ల జీతాలకు ఈఐటీసీ ఎలాగూ రాదు. నష్టపోయేది మాత్రం ఎఫ్4లో (అమెరికా సిటిజన్ అయిన అన్నదమ్ములో అక్కచెల్లెళ్లో స్పాన్సర్ చేసే గ్రీన్ కార్డు కోటా) ఏళ్లకేళ్లు ఎదురుచూసి, నడివయసులో పిల్లలతో దిగి, గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్ చేసే తండ్రులు, ఇండియన్ గ్రోసరీలో పొద్దస్తమానం నిలబడి పనిచేసే తల్లులు.

పోయినేడాది ఫిబ్రవరిలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకాయన డబ్ల్యూ-2లన్నీ (యజమాని ఇచ్చే జీతం లెక్క కాగితాలు) ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చారు. పాత రిటర్న్‌లు చూస్తే 2022లోనూ 2023లోనూ ఈఐటీసీ క్లెయిమ్ చేయలేదు. ఇద్దరు పిల్లలు, ఏడాదికి 30 వేల డాలర్ల చుట్టూ ఆదాయం, ఇంట్లో అందరికీ ఎస్ఎస్ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్) ఉంది. ఎందుకు వదిలేశారంటే "మా బావగారు ఎందుకొచ్చిన గొడవ అన్నారు సార్" అన్నారు. రెండేళ్లకూ కలిపి 11 వేల డాలర్లకు పైనే. సవరించిన రిటర్న్‌లు వేద్దామంటే ఆయన మూడుసార్లు అడిగారు, "మళ్లీ తిరిగి కట్టమనరు కదా సార్" అని. డబ్బులు కొన్ని నెలలకు వచ్చాయి. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు కట్టానని చెబుతూ ఫోన్లో ఆయన గొంతు పూడుకుపోయింది. ఆ బావగారికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ఆయనకూ భయమే.

అసలు విషయం ఏంటంటే, సిటిజన్‌షిప్‌కి అప్లై చేసినప్పుడు పబ్లిక్ చార్జ్ పరీక్షే (గవర్నమెంట్ మీద ఆధారపడతారా అని చూసేది) ఉండదు. అక్కడ చూసేది వేయాల్సిన రిటర్న్ వేశారా, అందులో నిజం చెప్పారా అని. స్పాన్సర్ సంతకం పెట్టిన ఐ-864 (వచ్చినవాళ్ల పోషణకు నాదీ బాధ్యత అనే హామీ పత్రం) వర్తించేది ఫుడ్ స్టాంప్స్ (పేదలకు ఆహార సాయం), మెడికెయిడ్ (పేదలకు వైద్య సాయం) లాంటి వాటికి, టాక్స్ క్రెడిట్‌కి కాదు. ఈఐటీసీ 1975 నుంచి టాక్స్ చట్టంలోనే ఉంది, పనిచేసి సంపాదించినవాళ్లకే వస్తుంది, రిపబ్లికన్ అయిన రీగన్ సంతకం చేసిన 1986 చట్టం దాన్ని పెంచింది. అయినా అర్హత ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరు దాన్ని తీసుకోవడం లేదని టాక్స్ వసూలు చేసే శాఖ ఐఆర్ఎస్సే చెబుతోంది.

మరి ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది? టీవీలో జరిగే కొట్లాట నుంచి. 2021లో చైల్డ్ క్రెడిట్‌ని చిన్నపిల్లలకు 3,600, పెద్దపిల్లలకు 3,000 డాలర్లకు పెంచి, జులై నుంచి డిసెంబరు దాకా నెలనెలా వేశారు, ఆదాయం లేని ఇళ్లకు కూడా. పని చేయనివాళ్లకు ఎందుకివ్వాలని ఒక వర్గం పట్టుబట్టింది, సెనేట్‌లో అప్పటి డెమొక్రాట్ సభ్యుడు జో మాంచిన్ కూడా ఒప్పుకోలేదు, ఏడాది తిరిగేసరికి ఆగిపోయింది. పిల్లల పేదరికం 5.2 శాతం నుంచి మరుసటి ఏడాదికి 12.4కి పోయింది. దాన్ని అలా ఆపేయడం ఘోరమని నేను ఇప్పటికీ అంటాను. 2024లో రెండు పార్టీలూ కలిసి హౌస్‌లో 357-70తో ఒక బిల్లు పాస్ చేస్తే అది సెనేట్‌లో ఆగిపోయింది. 2025 జులైలో వచ్చిన చట్టంతో క్రెడిట్ 2,200 అయింది. ఇన్ని మలుపుల్లో ఏ నాయకుడు ఏ చానల్లో ఏమన్నా, మన ఇళ్లల్లోకి వచ్చేసరికి అది "చట్టం మారిపోయిందంట" అయిపోతుంది.

ఇక 2025 నవంబరులో ట్రెజరీ (అమెరికా ఆర్థిక శాఖ) చేసిన ప్రకటన చూసి గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా వణికిపోయారు. ఈ క్రెడిట్లలో రిఫండ్‌గా వచ్చే భాగాన్ని 1996 నాటి వెల్ఫేర్ చట్టం కిందకు తెస్తామని, 2026 ఆదాయం నుంచి అమలు చేస్తామని అన్నారు. ఆ చట్టం రాసుకున్న అర్హుల జాబితాలోనే గ్రీన్ కార్డు ఉంది. హెచ్1బీ వాళ్లు మాత్రం దీన్ని గమనిస్తూ ఉండాలి. 2025 ఆదాయానికి వేసే రిటర్న్‌కి ఇది వర్తించదు, దాన్ని వదులుకోకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "టాక్స్ ఏమీ పడదు కాబట్టి ఫైల్ చేయక్కర్లేదు" అంటారు, ఫైల్ చేయకపోతే రిఫండ్ ఎవరూ ఇంటికి తెచ్చివ్వరు. "పిల్లకు 17 నిండాయి, ఇంకేం రాదు" అంటారు, చైల్డ్ క్రెడిట్ వరకు అది నిజమే, ఈఐటీసీకి మాత్రం 19 లోపు, ఫుల్‌టైమ్ చదువుతుంటే 24 లోపు పిల్లలు లెక్కలోకి వస్తారు. ఎఫ్4లో వచ్చినవాళ్ల పిల్లలు సరిగ్గా ఆ వయసులోనే ఉంటారు. ఐటిన్ (ఎస్ఎస్ఎన్ రానివాళ్లకు ఐఆర్ఎస్ ఇచ్చే టాక్స్ నంబర్) మీద ఉన్న పిల్లలకు చైల్డ్ క్రెడిట్ రాదు, 500 డాలర్ల వేరే క్రెడిట్ ఉంది. 2025 రిటర్న్ నుంచి చైల్డ్ క్రెడిట్‌కి తల్లిదండ్రుల్లో ఒకరికైనా ఎస్ఎస్ఎన్ ఉండాలి, ఈఐటీసీకి ఇద్దరికీ ఉండాలి. ఫిబ్రవరి మధ్య దాకా రిఫండ్ రాలేదని టెన్షన్ పడొద్దు, ఈఐటీసీ గానీ, చైల్డ్ క్రెడిట్‌లో రిఫండ్‌గా వచ్చే భాగం గానీ ఉన్న రిటర్న్‌లన్నిటికీ చట్ట ప్రకారం అంతే.

ఇంకోటి, "నేను 9 వేలు తెప్పిస్తా, నాకు వెయ్యి ఇవ్వు" అని లేని ఆదాయం, లేని పిల్లల్ని రాసేవాళ్ల దగ్గరికి పోకండి. నిర్లక్ష్యం అని తేలితే రెండేళ్లు, మోసం అని తేలితే పదేళ్లు క్రెడిట్ బంద్. సంతకం మీది కాబట్టి శిక్షా మీకే.

2022 రిటర్న్ అసలు వేయనివాళ్లకు రిఫండ్ అడిగే గడువు 2026 ఏప్రిల్ 15, అది దాటితే ఆ రిఫండ్ పోయినట్టే. ఫీజు కట్టే స్తోమత లేకపోతే వీటా సెంటర్లలో (ఐఆర్ఎస్ తరఫున వాలంటీర్లు నడిపేవి) ఉచితంగా వేస్తారు, ఇంట్లో అందరి ఎస్ఎస్ఎన్ కార్డులు, డబ్ల్యూ-2లు, ఫొటో ఐడీ పట్టుకుని వెళ్లండి. పెళ్లయినవాళ్లు ఇద్దరూ వెళ్లాలి.