నిద్ర కోసం హెర్బల్ టీ: అపోహలు, వాస్తవాలు

అపోహ: గ్రీన్ టీ కూడా హెర్బల్ టీయే, రాత్రి తాగొచ్చు.

వాస్తవం: గ్రీన్ టీ, బ్లాక్ టీ ఒకే మొక్క ఆకులు. రెండింటిలోనూ కెఫీన్ ఉంటుంది. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గాలన్నా సుమారు 5 గంటలు పడుతుంది. తులసి, అల్లం అని రాసి ఉన్న ప్యాకెట్లలోనూ గ్రీన్ టీ కలిపి అమ్ముతుంటారు. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల జాబితా చదివాకే కొనండి.

అపోహ: చామంతి టీ అంటే దండల్లో గుచ్చే చామంతి పూలతో కాచేదే.

వాస్తవం: నిద్రకు వాడేది చమోమిల్. చామంతి కుటుంబానిదే అయినా మొక్క వేరు. పువ్వు చిన్నది, చుట్టూ తెల్ల రేకులు, మధ్యలో ఉబ్బెత్తుగా పసుపు బొడిపె ఉంటుంది. దాన్ని చీల్చి చూస్తే లోపల బోలుగా కనిపిస్తుంది, నలిపితే ఆపిల్ వాసన వస్తుంది. అలంకరణ కోసం పెంచే పూల మీద పురుగుమందులు కొడతారు కాబట్టి వాటిని కప్పులో వేయకండి.

అపోహ: ఎంత మరిగిస్తే అంత సారం.

వాస్తవం: ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. చమోమిల్ పూలు, లెమన్ బామ్ (నిమ్మ వాసన వచ్చే, పుదీనా లాంటి మొక్క) ఆకుల్లో పనిచేసే వాటిలో కొంత భాగం సువాసన నూనెలే. పొయ్యి మీద మరిగిస్తే అవి ఆవిరితో పాటు పోతాయి. 2 నుంచి 3 గ్రాముల ఎండు పూలు, అంటే దాదాపు ఒక పెద్ద చెంచాడు, కప్పులో వేసి అప్పుడే మరిగిన నీళ్లు 150 నుంచి 200 మి.లీ. పోయండి. వెంటనే మూత పెట్టి 5 నుంచి 10 నిమిషాలు వదిలేయండి. మూతకు పట్టిన చుక్కలను కూడా కప్పులోకే వంచండి, వాసన నూనె అందులోనూ ఉంటుంది. ఇంకా ఎక్కువసేపు నానితే చేదెక్కుతుంది. టీ బ్యాగును రెండుసార్లు ముంచి తీసేస్తే మిగిలేది రంగు నీళ్లే.

నిద్రకు వాడే మరో మూలిక వలేరియన్ సంగతి మాత్రం భిన్నం, ఎందుకంటే అందులో వాడేది మొక్క వేరు. ముక్కలుగా కోసిన ఎండు వేరు 2 నుంచి 3 గ్రాములు తీసుకుని, మూత పెట్టి 10 నుంచి 15 నిమిషాలు నాననివ్వాలి. అది ఉతకని మేజోళ్ల కంపు కొడుతుంది. పాడైపోయిందని పారేయకండి, దాని సహజమైన వాసనే అది.

అపోహ: ఒక్క కప్పుతో ఆ రాత్రే నిద్ర ముంచుకొస్తుంది.

వాస్తవం: ఇది నిద్రమాత్ర కాదు. చమోమిల్ మీద జరిగినవి చిన్న అధ్యయనాలు, వాటిలో కనిపించిన మేలూ కొద్దిదే. వలేరియన్ గుణం తెలియాలంటే రోజూ 2 నుంచి 4 వారాలు తాగి చూడాలంటారు. అయినా దీర్ఘకాలిక నిద్రలేమికి దాన్ని వాడవద్దనే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో సూచించింది. పడుకునే ముందు గోరువెచ్చగా ఏదో ఒకటి నెమ్మదిగా తాగే అలవాటు మనసును నెమ్మదింపజేస్తుంది, దాన్ని తీసిపారేయక్కర్లేదు. కాకపోతే పడకకు గంట, గంటన్నర ముందే, ఒక్క కప్పే తాగండి. పెద్ద గ్లాసుడు తాగితే అర్ధరాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుంది.

అపోహ: మూలికలే కదా, హాని ఉండదు.

వాస్తవం: చామంతి జాతి పూలు పడనివారికి చమోమిల్‌తో అలర్జీ రావచ్చు. వార్ఫరిన్ లాంటి రక్తం పలుచబడే మందు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా తాగకూడదు. వలేరియన్‌ను మద్యంతో గానీ, మత్తునిచ్చే మందులతో గానీ కలిపితే మగత పెరుగుతుంది. తాగాక బండి నడపవద్దు, ఆపరేషన్ ఉంటే డాక్టర్‌కు ముందే చెప్పాలి. కావా అనే పసిఫిక్ దీవుల మొక్క వేరు వల్ల కాలేయం తీవ్రంగా దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి, దాని జోలికి వెళ్లకండి. దిగులుకు వాడే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక గర్భనిరోధక మాత్రలు సహా ఎన్నో మందుల ప్రభావాన్ని తగ్గిస్తుంది. జాజికాయ చిటికెడు దాటకూడదు. చెంచాల్లో వేస్తే గుండెదడ, వాంతులు, భ్రాంతులు కలుగుతాయి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వీటిలో ఏదైనా డాక్టర్ సలహాతోనే తీసుకోవాలి.

అపోహ: టీ తాగుతూ ఉంటే నిద్రలేమి దానంతటదే పోతుంది.

వాస్తవం: వారంలో 3 రాత్రులైనా, 3 నెలలకు పైగా నిద్ర సరిగా పట్టకుండా ఉంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. పెద్దవాళ్లలో దీనికి మొదటి చికిత్స నిద్రలేమి కోసం రూపొందించిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (నిద్రకు అడ్డుపడే ఆలోచనలను, అలవాట్లను మార్చే, మందులు లేని చికిత్స) అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. గట్టి గురక, నిద్రలో ఊపిరాడక ఉలిక్కిపడి లేవడం ఉంటే స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) పరీక్ష కావాలి. పడుకోగానే కాళ్లు కదపాలనిపిస్తూ ఉంటే ఐరన్ తక్కువుందేమో రక్తపరీక్షలో చూడాలి. ఇప్పటికే నిద్రమాత్రలు వేసుకుంటున్నవారు టీ మొదలుపెట్టామని వాటిని ఒక్కసారిగా ఆపవద్దు. నిద్రలేమి ముందుకంటే ఎక్కువవుతుంది, కొన్ని రకాల మాత్రలైతే హఠాత్తుగా ఆపినప్పుడు మూర్ఛ కూడా రావచ్చు. మోతాదు ఎలా తగ్గించాలో రాసిచ్చిన డాక్టరే చెప్పాలి.